మొదటి డీఎస్ఎల్ఆర్, మొదటి లెన్సులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఫొటోగ్రఫీలోకి వచ్చేవాళ్ల సందేహాలు పెద్దగా మారవు. మోడళ్ల పేర్లు మారతాయి, ధరలు మారతాయి, ప్రశ్నలు మాత్రం అవే. అందుకే వాటిని కొనకముందు, కొనేటప్పుడు, కొన్నాక అనే వరసలో ఒకచోట పెట్టాం. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మా పక్షపాతం ఒకటి ముందే చెప్పేస్తాం: చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే బాడీలో (లెన్స్ లేని కెమెరాలో) తగ్గించి లెన్స్‌లో పెట్టమనే అంటాం.

## కొనాలా వద్దా అని ఊగుతున్నప్పుడు

ఫోన్‌లోనే ఇంత మంచి ఫొటోలు వస్తున్నాయి కదా, డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగల కెమెరా) కొంటే కొత్తగా ఏం వస్తుంది?

మీరు తీసేది పగటి వెలుతురులో, చూసుకునేది ఫోన్ స్క్రీన్ మీదే అయితే పెద్దగా ఏమీ రాదు. ఒక్కోసారి ఫోన్ ఫొటోనే బాగున్నట్టు ఉంటుంది కూడా. ఫోన్ ఒక్క క్లిక్‌కి చాలా ఫ్రేములు తీసి, కలిపి, ఆకాశాన్నీ నీడల్నీ సరిచేసి చేతికిస్తుంది. డీఎస్ఎల్ఆర్ ఆ పని మీకు వదిలేస్తుంది.

తేడా తెలిసేది దూరంగా ఉన్న పక్షిని తీసేటప్పుడు, చీకటి గదిలో కదిలే పిల్లల్ని తీసేటప్పుడు, ఫ్లాష్‌ని కెమెరాకి దూరంగా పెట్టి వెలుతురు మీరే మలుచుకోవాలనుకున్నప్పుడు. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ (వెలుతురుని పట్టే చిప్) సుమారు 23×15 మి.మీ. ఫోన్లలో పెద్దదిగా చెప్పుకునే 'ఒక అంగుళం' సెన్సర్ నిజానికి 13.2×8.8 మి.మీ. మాత్రమే, అంటే వైశాల్యంలో మూడో వంతు. చాలా ఫోన్లలో అంత కూడా ఉండదు. సెన్సర్ పెద్దదైతే ఎక్కువ వెలుతురు పోగవుతుంది, నాయిజ్ (చీకటి ఫొటోల్లో కనిపించే గరుకు చుక్కలు) తగ్గుతుంది.

అందరూ మిర్రర్‌లెస్ కొంటున్నారు. ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ కొంటే పాతబడిపోదా?

మిర్రర్‌లెస్ అంటే లోపల ఆ అద్దం లేని కెమెరా. డీఎస్ఎల్ఆర్ పాతబడింది అన్నమాట నిజమే. కెనాన్, నికాన్ రెండూ చివరిగా కొత్త డీఎస్ఎల్ఆర్‌లు ప్రకటించింది 2020లో: కెనాన్ 850డీ, 1డీ ఎక్స్ మార్క్ 3, నికాన్ డీ780, డీ6. పెంటాక్స్ మాత్రం 2021లో కే-3 మార్క్ 3 తెచ్చింది. కొత్త మోడళ్ల కోసం ఎదురుచూడటం దండగ.

అయితే నేర్చుకునేవాళ్లకి ఇది నష్టం కంటే లాభమే. చాలామంది మిర్రర్‌లెస్‌కి మారిపోతూ మంచి బాడీలు, లెన్సులు తక్కువకి వదిలించుకుంటున్నారు. అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో), షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు పడుతుందో), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందిస్తుందో) రెండింట్లోనూ ఒకేలా పనిచేస్తాయి. డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ కూడా చాలాసేపు వస్తుంది. నికాన్ డీ3500 ఒక్క చార్జింగ్‌కి 1550 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క.

ఎక్కువగా వీడియో తీసేవాళ్లు, మనిషి కదులుతున్నా కంటి మీదే ఫోకస్ నిలవాలనుకునేవాళ్లు మాత్రం నేరుగా మిర్రర్‌లెస్‌కే వెళ్లడం మంచిది.

రేపు మిర్రర్‌లెస్‌కి మారితే ఇప్పుడు కొన్న లెన్సులు వృథా అవుతాయా?

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు కంపెనీ అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలించే రింగు) ఉన్న మిర్రర్‌లెస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఉంది కానీ లోపల మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకే ఆటోఫోకస్ వస్తుంది. పాత ఏఎఫ్-డీ లెన్సుల్ని చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే.

ఎన్ని మెగాపిక్సెళ్లు ఉండాలి?

18 ఉన్నా చాలు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000×4000 చుక్కలు, అంగుళానికి 300 చుక్కల చొప్పున 20×13 అంగుళాల ప్రింట్ వేయొచ్చు. 4కే టీవీ నిండటానికి 8 మెగాపిక్సెళ్లు చాలు. ఈ అంకె చూసి కెమెరా ఎంచుకోకండి.

## బాడీ ఎంచుకునేటప్పుడు

కెనాన్ మంచిదా, నికాన్ మంచిదా?

ఫొటో చూసి ఇది కెనాన్, ఇది నికాన్ అని ఎవరూ చెప్పలేరు. కానీ ఒక కంపెనీ లెన్సు రెండోదానికి ఎక్కదు కాబట్టి ఒకసారి ఎంచుకున్నాక మారడం ఖరీదైన వ్యవహారం. ఇంట్లోనో స్నేహితుల దగ్గరో అరువు తెచ్చుకోగల లెన్సులు ఏ కంపెనీవో చూడండి, చాలామందికి అదే సరైన జవాబు.

చిన్న మోడళ్లలో తేడాలు ఇవీ. నికాన్ డీ3500, డీ5600 తీసిన రా ఫైళ్లలో (కెమెరా సరిచేయని అసలు డేటాలో) చీకటి భాగాల్ని తర్వాత పైకి తెస్తే నాయిజ్ తక్కువ. కెనాన్ 200డీ, 800డీ, 80డీ లాంటి వాటిలో డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ఉంటుంది కాబట్టి స్క్రీన్ చూస్తూ తీసినా ఫోకస్ చకచకా పడుతుంది. నికాన్ చిన్న మోడళ్లలో స్క్రీన్ మీద ఫోకస్ నిదానం. మరో తిరకాసు కూడా ఉంది: నికాన్ డీ3000, డీ5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు. 'ఏఎఫ్' అనో 'ఏఎఫ్-డీ' అనో మాత్రమే రాసి ఉన్న పాత లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ చేయవు.

వీలైతే రెండూ చేతిలో పట్టుకుని చూడండి. చిటికెన వేలు గ్రిప్ కిందికి జారిపోతుంటే పెద్ద లెన్స్ తగిలించినప్పుడు చెయ్యి నొప్పెడుతుంది.

అన్నిటికంటే చిన్న మోడల్ తీసుకుంటే సరిపోతుందా?

ఫొటో నాణ్యత వరకూ సరిపోతుంది. తగ్గేది సౌకర్యం, అది కూడా స్పెసిఫికేషన్ల పట్టికలో కంటికి ఆనని చోట్ల.

కెనాన్ 3000డీలో లెన్స్ తగిలించే రింగు లోహం కాదు, ప్లాస్టిక్. 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2 మోడళ్లలో ఫ్లాష్ పెట్టే హాట్ షూ మధ్య పిన్ తీసేశారు. దాంతో ఒకే పిన్ మీద నడిచే సాధారణ ట్రిగ్గర్లు (దూరంగా ఉన్న ఫ్లాష్‌ని వెలిగించేవి), పాత ఫ్లాష్‌లు వాటి మీద వెలగవు. రేపు స్టూడియో లైట్లు నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇది పెద్ద అడ్డంకి. (ఇవే మోడళ్లు వేరే ప్రాంతాల్లో 2000డీ, 4000డీ, 250డీ పేర్లతో దొరుకుతాయి, పేరు మారినంత మాత్రాన పిన్ రాదు.) నికాన్ డీ3500లో మైక్ జాక్ లేదు, సెన్సర్‌ని కంపించి దుమ్ము దులిపే ఏర్పాటూ లేదు.

చిన్న మోడళ్లన్నిటిలోనూ తిప్పే డయల్ ఒక్కటే. మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కిపట్టి అదే డయల్ తిప్పాలి. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) కూడా ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది, అంచుల్లో కనిపించని చెట్టుకొమ్మ ఫొటోలోకి వచ్చేస్తుంది.

అందుకే మా సలహా, కొత్త చిన్న మోడల్ కంటే ఒక మెట్టు పైనున్న పాత మోడల్. నికాన్ డీ7200 (2015), కెనాన్ 80డీ (2016) మంచి ఉదాహరణలు. రెండు డయళ్లు, దాదాపు ఫ్రేమంతా చూపించే వ్యూఫైండర్, ఎక్కువ ఫోకస్ పాయింట్లు వస్తాయి. డీ7200లో బాడీ మోటార్ ఉంది కాబట్టి పాత ఏఎఫ్-డీ లెన్సులు కూడా ఆటోఫోకస్ చేస్తాయి. బరువు మాత్రం కొంచెం ఎక్కువ. సంచిలోంచి తీయడానికి బద్ధకించే రకమైతే చిన్న మోడలే నయం.

ఎలాగూ కొంటున్నాను, ఫుల్ ఫ్రేమ్‌తోనే మొదలుపెడితే?

సెన్సర్ 36×24 మి.మీ. ఉంటుంది, చీకట్లో ఒక స్టాప్‌కి (అంటే రెట్టింపు వెలుతురుకి) పైగా లాభం కనిపిస్తుంది. ఖర్చు బాడీతో ఆగదు, దానికి తగ్గ లెన్సులు పెద్దవి, బరువైనవి, ఖరీదైనవి. ఏపీఎస్-సీ కోసం చేసిన కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి అసలు ఎక్కవు. అలాంటివే అయిన నికాన్ డీఎక్స్ లెన్సులు ఎక్కుతాయి గానీ కెమెరా సెన్సర్ మధ్య భాగమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లు 10 అవుతాయి. బాడీ కొన్నాక మంచి లెన్సుకి డబ్బు మిగలకపోతే, అదే డబ్బుతో ఏపీఎస్-సీ బాడీ, రెండు మంచి లెన్సులు కొన్నవాళ్ల ఫొటోలే బాగుంటాయి.

వీడియో కూడా తీయాలి, ఏం చూడాలి?

మైక్ జాక్, తిరిగే స్క్రీన్, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్. మూడూ ఉన్న చిన్న బాడీలు కెనాన్ 200డీ, 800డీ. 1500డీలో మూడూ లేవు.

## లెన్సులు

లెన్స్ మీద ఇన్ని అంకెలు, అక్షరాలు ఉన్నాయి. ఎలా చదవాలి?

'ఈఎఫ్-ఎస్ 18-55 ఎంఎం 1:3.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం' అని ఉందనుకోండి. ఈఎఫ్-ఎస్ అంటే కెనాన్ ఏపీఎస్-సీ బాడీలకి మాత్రమే. 18-55 ఫోకల్ లెంగ్త్: 18 దగ్గర వెడల్పుగా, 55 దగ్గర దగ్గరగా కనిపిస్తుంది. 3.5-5.6 అంటే 18 దగ్గర అపర్చర్ ఎఫ్/3.5 వరకూ తెరుచుకుంటుంది, 55కి వెళ్లేసరికి ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు. ఐఎస్ అంటే చేతి వణుకుని అణిచే ఏర్పాటు, దాన్నే నికాన్ వీఆర్ అనీ, సిగ్మా ఓఎస్ అనీ, టామ్రాన్ వీసీ అనీ అంటాయి. ఎస్‌టీఎం, యూఎస్ఎం కెనాన్ మోటార్ల రకాలు.

నికాన్‌లో డీఎక్స్ అంటే ఏపీఎస్-సీ లెన్స్. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అంటే లోపలే మోటార్ ఉంది. ఏఎఫ్-పీ విషయంలో జాగ్రత్త: డీ3100, డీ5100 లాంటి పాత బాడీల మీద ఇవి ఫోకస్ చేయవు. ఏపీఎస్-సీ లెన్సులకి సిగ్మా డీసీ అనీ, టామ్రాన్ డీఐ 2 అనీ గుర్తు వేస్తాయి.

అంచున సున్నా మీద అడ్డగీత గుర్తు పక్కన 58 అనో 52 అనో ఉంటుంది. అది ఫిల్టర్ సైజు, ఫోకల్ లెంగ్త్ కాదు.

50 ఎంఎం లెన్స్ నా కెమెరా మీద 75 అవుతుందంటారు. మరి డీఎక్స్ లెన్స్ మీద రాసింది కూడా లెక్క వేయాలా?

వేయాలి. లెన్స్ ఏ రకమైనా దాని మీద రాసేది అసలు ఫోకల్ లెంగ్తే. ఏపీఎస్-సీ సెన్సర్ మధ్య భాగాన్నే చూస్తుంది కాబట్టి ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చాలంటే నికాన్‌లో 1.5తో, కెనాన్‌లో 1.6తో హెచ్చించాలి. ఇంతకుముందు ఫుల్ ఫ్రేమ్ గానీ ఫిల్మ్ కెమెరా గానీ వాడనివాళ్లకి ఈ గొడవే అక్కర్లేదు. 18 వెడల్పు, 35 మామూలు చూపు, 50 కొంచెం దగ్గర, 200 బాగా దగ్గర అని గుర్తుంటే చాలు.

కిట్ లెన్స్ పనికిరాదంటున్నారు. బాడీ ఒక్కటే కొననా?

కిట్ లెన్స్‌తోనే కొనండి. 18-55ని ఎఫ్/8 దగ్గర పెట్టి ట్రైపాడ్ మీద తీస్తే ఖరీదైన లెన్స్‌తో తేడా పట్టుకోవడం కష్టం. మీరు ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువ వాడుతున్నారో తేల్చేది కూడా అదే. దాని లోటు ఒక్కటే, చీకట్లో అపర్చర్ చాలదు.

కొనేటప్పుడు పేరు చివరి దాకా చదవండి. చవక ప్యాకేజీల్లో కెనాన్ 18-55 చివర '3' అని ఉండి ఐఎస్ లేనిది వస్తుంది. నికాన్ ఏఎఫ్-పీ 18-55 కూడా వీఆర్ ఉన్నదీ లేనిదీ అచ్చం ఒకేలా ఉంటాయి. ఉన్నదే తీసుకోండి.

రెండో లెన్స్ 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమని అందరూ అంటారు. 35 మంచిదని ఇంకొందరు. ఏది?

ఎఫ్/1.8 లెన్స్ కొనడం మాత్రం ఖాయం చేసుకోండి. కిట్ లెన్స్ 50 దగ్గర ఇచ్చే ఎఫ్/5.6తో పోలిస్తే సుమారు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఎఫ్/5.6, ఐఎస్ఓ 6400తో తీయాల్సిన ఫొటోని ఐఎస్ఓ 640తో తీయొచ్చు. ఏ బాడీ మార్చినా ఇంత తేడా రాదు.

35, 50 మధ్య ఎంపిక మీరు తీసే చోటుని బట్టి ఉంటుంది. కెమెరా నిలువుగా పట్టుకుని మనిషిని తల నుంచి పాదాల దాకా కొంచెం ఖాళీతో తీయాలంటే 50తో నాలుగున్నర మీటర్లు వెనక్కి వెళ్లాలి, 35తో మూడు మీటర్లు చాలు. మామూలు గదిలో నాలుగున్నర మీటర్లు దొరకవు, వీపు గోడకి తగులుతుంది. ఇంట్లో పిల్లలు, గదిలో నలుగురు కూర్చున్న ఫొటోలు ఎక్కువైతే 35. ఆరుబయట మనుషుల ముఖాల ఫొటోలు, వెనక మసకగా కరిగిపోవడం కావాలంటే 50.

నికాన్ ఏపీఎస్-సీకి ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ దాదాపు ఎదురులేని ఎంపిక. కెనాన్ ఏపీఎస్-సీకి అంత చవకగా 35 ఎఫ్/1.8 లేదు. ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం, గదుల కోసం ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం ఉన్నాయి. కెనాన్ 50 పాత రకానికి (పేరు చివర 2 ఉంటుంది) మౌంట్ ప్లాస్టిక్, ఫోకస్ చప్పుడు ఎక్కువ. కొంచెం ఎక్కువైనా ఎస్‌టీఎం తీసుకోండి. నికాన్‌లో 50 ఎఫ్/1.8డీ చవకగా దొరికిందని డీ3500కి కొంటే ఆటోఫోకస్ రాదు, 'జీ' రకం కావాలి.

కొన్న రోజు అందరూ చేసే పొరపాటు, ప్రతి ఫొటో ఎఫ్/1.8లోనే తీయడం. మీటరున్నర దూరంలో 50తో ఎఫ్/1.8 పెడితే స్పష్టంగా ఉండేది ముందూ వెనకా కలిపి 6 సెంటీమీటర్లే. ముఖం కొంచెం పక్కకి తిరిగితే ఒక కన్ను స్పష్టంగా, ఒక కన్ను మసకగా వస్తుంది. ఒక్కరికి ఎఫ్/2.8, ఇద్దరు ముగ్గురికి ఎఫ్/4 దగ్గర మొదలుపెట్టండి.

పక్షులు, ఆటలు తీయాలి. ఏ టెలీ లెన్స్?

కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం, నికాన్‌లో ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 వీఆర్. కెనాన్ 75-300ని 'పెద్ద జూమ్' అని అంటగడతారు, వద్దు. ఐఎస్ లేదు, 300 దగ్గర మసకగా ఉంటుంది. 55-250తో తీసి కత్తిరించుకున్నా అంతకంటే బాగుంటుంది. నికాన్ 70-300 డీఎక్స్‌లోనూ వీఆర్ లేని తోబుట్టువు ఉంది, పేరు చూసుకోండి.

వీఆర్, ఐఎస్ ఆపేది మీ చేతి వణుకుని మాత్రమే, పక్షి రెక్కని కాదు. ఎగిరే పక్షికి సెకనులో 1/1600, పరిగెత్తే ఆటగాడికి 1/1000 దాకా షట్టర్ కావాలి. ఎఫ్/6.3 లెన్స్‌తో ఆ వేగం కావాలంటే ఎండ ఉండాలి, లేదా ఐఎస్ఓ పెంచాలి. చిన్న పిట్టలకి 300 కూడా చాలదు. సిగ్మా, టామ్రాన్ 150-600 లెన్సులు అందుకే ఉన్నాయి, కానీ ఒక్కోటి రెండు కిలోల బరువు. ఆరు నెలలు 250తోనో 300తోనో తిరిగాక ఆలోచించండి.

18-300 లాంటి ఒక్క లెన్స్ కొంటే మార్చే బాధ ఉండదు కదా?

ఉండదు. ప్రయాణాలకి హాయి. అయితే 300 దగ్గర అంచులు మెత్తగా ఉంటాయి, చీకట్లో కిట్ లెన్స్‌కి ఉన్న ఇబ్బందే దీనికీ ఉంటుంది. లెన్స్ మార్చడమే ఇష్టం లేకపోతే అసలు డీఎస్ఎల్ఆర్ అవసరమా అని ఒకసారి అడిగి చూసుకోండి.

పూలు, పురుగులు దగ్గరగా తీయాలంటే మాక్రో లెన్సే కొనాలా?

మొదట ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ప్రయత్నించండి. అవి అద్దాలు లేని ఖాళీ గొట్టాలు, బాడీకీ లెన్స్‌కీ మధ్య పెడితే లెన్స్ మరింత దగ్గరగా ఫోకస్ అవుతుంది. 50 ఎంఎం లెన్స్‌కి 25 మి.మీ. ట్యూబ్ పెడితే వస్తువు సెన్సర్ మీద దాని అసలు పరిమాణంలో సగానికి పైగా పడుతుంది. విద్యుత్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి, లేకపోతే కెనాన్‌లో అపర్చర్ మార్చడం కుదరదు. పురుగుల మీద ఆసక్తి నిలబడితే అప్పుడు 90, 100 ఎంఎం మాక్రో. 35, 40 మాక్రోలతో ఎంత దగ్గరకి వెళ్లాలంటే మీ నీడే పురుగు మీద పడుతుంది, అది కాస్తా ఎగిరిపోతుంది. జూమ్ లెన్సుల మీద కనిపించే 'మాక్రో' అన్నమాటని పెద్దగా పట్టించుకోకండి.

## సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

పాత బాడీ కొంటున్నాను. అక్కడికక్కడే ఏం పరీక్షించాలి?

మీ సొంత మెమరీ కార్డు, చిన్న టార్చి పట్టుకెళ్లండి. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెడగొట్టి, తెల్ల గోడనో ఆకాశాన్నో తీయండి. ఫొటో పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీద దుమ్ము గుండ్రటి మచ్చలుగా కనిపిస్తుంది. బ్లోయర్‌తో (గాలి కొట్టే రబ్బరు బుడ్డితో) పోయే మచ్చలు సమస్య కాదు, గీతలా ఉండి ప్రతి ఫొటోలో ఒకే చోట ఉంటే అనుమానించాలి.

తర్వాత లెన్స్ మూత పెట్టి ఐఎస్ఓ 100, 1 సెకను. రంగు చుక్కలు ఒకటి రెండు ఫర్వాలేదు, చాలా ఉంటే వద్దు. ఆపైన 1/4000 దగ్గర ఒక ఫొటో: ఒక పక్క నల్లటి పట్టీ వస్తే షట్టర్ అలిసిపోయినట్టు. ప్రతి బటన్, రెండు వైపులా డయల్, లోపలి ఫ్లాష్, కార్డు తలుపు చూడండి. కార్డు స్లాట్, బ్యాటరీ గది లోపల టార్చి వేసి తుప్పు, పచ్చదనం ఉన్నాయేమో చూడండి, ఉంటే అది తడిసిన కెమెరా. మౌంట్ చుట్టూ స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

చివరిగా ఫోకస్. ఎఫ్/1.8 లెన్స్ ఉంటే మంచిది. ఒక పుస్తకాన్ని ఏటవాలుగా పెట్టి మధ్య వాక్యం మీద వ్యూఫైండర్‌లోంచి ఫోకస్ చేసి తీయండి, అదే స్క్రీన్ చూస్తూ మళ్లీ తీయండి. స్క్రీన్‌తో సరిగ్గా వచ్చి వ్యూఫైండర్‌తో ముందుకో వెనక్కో పోతుంటే ఫోకస్ సర్దుబాటు తప్పింది. చిన్న మోడళ్లలో దాన్ని మెనూలో సరిచేసుకునే వీలు లేదు, సర్వీస్‌కి ఇవ్వాలి.

షట్టర్ కౌంట్ ఎంతైతే ఎక్కువ? ఎలా చూడాలి?

చిన్న మోడళ్ల షట్టర్‌ని లక్ష క్లిక్కుల వరకూ పరీక్షిస్తారు, నికాన్ డీ7200, డీ7500లని లక్షన్నర వరకూ. అది గడువు కాదు, అంచనా. కొన్ని ముందే పోతాయి, కొన్ని రెట్టింపు నడుస్తాయి. మూడో వంతు లోపు ఉంటే నిశ్చింత, సగం దాటితే ధర తగ్గాలి.

నికాన్ అయితే కెమెరా తీసిన అసలు జేపెగ్ లోపలే ఈ సంఖ్య ఉంటుంది, ఎగ్జిఫ్ (ఫొటో ఫైల్లో దాగి ఉండే వివరాలు) చూపించే సాఫ్ట్‌వేర్‌తో చదవొచ్చు. వాట్సాప్‌లో పంపించుకున్న ఫొటోలో అది చెరిగిపోతుంది. చాలా కెనాన్ మోడళ్లలో ఫైల్లో ఉండదు, యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి చూడాలి. ఫైలు నంబరు చూసి నమ్మకండి, అది 9999 తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది.

పాత లెన్స్‌లో ఏం చూడాలి?

రెండు వైపులా మూతలు తీసి, ఒక వైపు నుంచి టార్చి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులా, వేర్లలా పాకిన తీగలు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. పొగమంచులా పరుచుకుని ఉంటే హేజ్, వెలుతురుకి ఎదురుగా తీస్తే కాంట్రాస్ట్ పోతుంది. నాలుగైదు దుమ్ము కణాలు ఏమీ చేయవు. ముందు అద్దం మీద సన్నగీత కంటే వెనక అద్దం మీద గీత ఎక్కువ చెరుపు.

అపర్చర్ రెక్కల మీద నూనె మెరుస్తుంటే అవి నిదానంగా మూసుకుని ఫొటోలు తెల్లబడతాయి. జూమ్ తిప్పితే మధ్యలో పట్టేసినట్టు ఉంటే పడిన లెన్స్ అయ్యుండొచ్చు. ఫిల్టర్ అంచు సొట్టపోయిందా అన్నది కూడా అందుకే చూడాలి.

## వెంట కొనాల్సినవి

కెమెరాతో పాటు వెంటనే ఏం కొనాలి?

రెండు మెమరీ కార్డులు, ఒక అదనపు బ్యాటరీ, రబ్బరు బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డ. అంతే. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు 25-30 ఎంబీ ఉంటుంది, 64 జీబీ కార్డులో రెండు వేల దాకా పడతాయి. యూ3 లేదా వీ30 గుర్తున్న కార్డు చాలు. యూహెచ్ఎస్-2 కార్డులు ఖరీదు, చిన్న బాడీలు వాటి వేగాన్ని వాడుకోలేవు.

ట్రైపాడ్ రాత్రి దృశ్యాలు మొదలుపెట్టాక కొనుక్కోవచ్చు, కానీ తేలికైన ప్లాస్టిక్‌ది మాత్రం కొనకండి. గాలికి ఊగే ట్రైపాడ్ కంటే గోడ మీద పెట్టిన సంచి నయం.

లెన్స్ కాపాడటానికి యూవీ ఫిల్టర్ పెట్టాలా?

సముద్రపు గాలి, ఇసుక, దుమ్ము ఉన్న చోట పెట్టండి. మిగతా వేళల్లో లెన్స్ హుడ్ మంచి కాపలా: దెబ్బ తగిలితే తాను తీసుకుంటుంది, పక్క వెలుతురునీ అడ్డుకుంటుంది. చవక ఫిల్టర్ పెడితే రాత్రి వీధి దీపాలకి ఆకుపచ్చ ప్రతిబింబాలు వస్తాయి. నిజంగా ఫొటోని మార్చే ఫిల్టర్ పోలరైజర్, నీటి మెరుపునీ ఆకుల మెరుపునీ తగ్గిస్తుంది. కెనాన్ 18-55 ఐఎస్ 2 లాంటి పాత కిట్ లెన్సుల్లో ఫోకస్ చేసినప్పుడల్లా ముందు అద్దం తిరుగుతుంది, కాబట్టి ఫోకస్ అయ్యాక పోలరైజర్ సరిచేసుకోవాలి.

## కొన్న మొదటి వారాల్లో

ఖరీదైన కెమెరా కొన్నా ఫొటోలు బ్లర్‌గా వస్తున్నాయి. కెమెరా లోపమా?

చాలాసార్లు కాదు. ఫొటోని 100 శాతానికి పెద్దది చేసి బ్లర్ ఏ రకమో చూడండి. ఫ్రేమంతా ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి వణికింది. ఫోకల్ లెంగ్త్‌ని 1.5తోనో 1.6తోనో హెచ్చించి, షట్టర్ దానికంటే వేగంగా పెట్టాలి: 50కి 1/80, 250కి 1/400. స్టెబిలైజర్ (ఐఎస్, వీఆర్) ఉంటే ఇంకా తగ్గించొచ్చు.

వెనక గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే మనిషి కదిలాడు. మాట్లాడే మనిషికి 1/125, ఆడుకునే పిల్లలకి 1/500. ఇక్కడ స్టెబిలైజర్ పనికిరాదు.

ఏదో ఒకటి స్పష్టంగా ఉంది కానీ మీకు కావలసింది కాదు, అంటే ఫోకస్ తప్పు చోట పడింది. ఫోకస్ పాయింట్‌ని కెమెరాకే వదిలేస్తే అది ఎక్కువగా దగ్గరున్న దాన్ని పట్టుకుంటుంది. ఒకే పాయింట్ పెట్టుకుని కంటి మీద ఉంచండి. వ్యూఫైండర్‌లో చూస్తే అన్నీ మసకగా ఉండి ఫొటోలు బాగానే వస్తుంటే, దాని పక్కనున్న చిన్న చక్రం తిప్పి లోపలి అంకెలు స్పష్టమయ్యేలా మీ కంటికి సరిచేసుకోండి.

మాన్యువల్ మోడ్‌లో తీస్తేనే ఫొటోగ్రాఫరా?

కాదు. అపర్చర్ ప్రయారిటీ (కెనాన్‌లో ఏవీ, నికాన్‌లో ఏ) పెట్టి, ఆటో ఐఎస్ఓకి పై హద్దు 3200 లేదా 6400 ఇవ్వండి. నికాన్‌లో ఆటో ఐఎస్ఓ మెనూలోనే కనీస షట్టర్ స్పీడ్ కూడా పెట్టుకోవచ్చు, 1/125 మంచి ప్రారంభం. కెనాన్ 1500డీ లాంటి వాటిలో ఆ వీలు లేదు కాబట్టి కదిలేవాటిని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ మీరే పెట్టుకునే టీవీ మోడ్‌కి మారండి. ట్రైపాడ్, స్టూడియో ఫ్లాష్, బాణసంచా ఉన్నచోట మాన్యువల్ నిజంగా అవసరం.

రా తీయాలా, జేపెగ్ తీయాలా?

మొదటి కొన్ని నెలలు రెండూ కలిపి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 స్థాయిలు, 14 బిట్ రాలో 16,384. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల సర్దుబాటు) తప్పినా, ముఖం చీకటిగా వచ్చినా రాలో వెనక్కి తెచ్చుకోవచ్చు. పూర్తిగా తెల్లగా కాలిపోయిన ఆకాశం మాత్రం రాలోనూ తిరిగి రాదు.

లెన్స్ మార్చేటప్పుడు దుమ్ము పడుతుందని భయం. సెన్సర్ నేనే శుభ్రం చేసుకోవచ్చా?

బ్లోయర్ వరకూ ధైర్యంగా చేయండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, మెనూలో సెన్సర్ క్లీనింగ్ కోసం అద్దం పైకెత్తే ఎంపిక నొక్కి, కెమెరా నోరు కిందికి పెట్టి, బ్లోయర్ కొన లోపలికి పోనివ్వకుండా నాలుగైదుసార్లు గాలి కొట్టండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ ఎయిర్ లోపలి ద్రవాన్ని కూడా చిమ్ముతుంది, దాని మరక తీయడం సర్వీస్ వాళ్ల పని. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపి, బాడీ నోరు కిందికి పెట్టి, రెండో లెన్స్ వెనక మూత ముందే వదులు చేసి ఉంచుకోండి.

వాడకుండా బీరువాలో పెడితే ఫంగస్ వస్తుందా?

వస్తుంది, ముఖ్యంగా తోలు సంచిలోనో గుడ్డ సంచిలోనో మూసి చీకట్లో ఉంచితే. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం నిలిస్తే ఫంగస్‌కి అనువు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. మీటరు 40-50 మధ్య చూపించాలి. 30 కంటే కిందికి దిగనివ్వకండి, రబ్బరు గ్రిప్‌లు, లోపలి గ్రీజు ఎండుతాయి. రంగు మారే సిలికా జెల్ రంగు తిరిగిందంటే ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నెలకి రెండుసార్లు బయటికి తీసి, జూమ్ తిప్పి, నాలుగు ఫొటోలు తీసి మళ్లీ డబ్బాలో పెట్టండి.